దింపుడు బండ

మా దీవికి రేవు లేదు. ఉన్నదల్లా ఒక నల్లబండ. అల వెనక్కి ఊపిరి పీల్చుకొనే ఆ కాస్త వ్యవధిలో పడవలోనుంచి దానిమీదికి దూకగలిగినవాడు దిగినట్టు, లేనివాడు వచ్చిన దారినే పోయినట్టు. ఉప్పూ, ఇనుమూ, కొత్త కోడళ్ళూ, ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే మా మొహం చూసే గురువుగారూ, అందరూ ఆ బండమీదనే దిగాలి. దానిని మేము దింపుడు బండ అంటాము.

ఆ బండకు ఒక కట్టుబాటు ఉండేది. పడమటి దీవినుంచి వచ్చిన ఏ మూటైనా, పరుపైనా, గడ్డిమోపైనా, చివరికి జోళ్ళలో మెత్తగా పరుచుకొన్న గడ్డైనా సరే, బండమీద విప్పి, పరిచి, దులిపి చూసినమీదట గాని ఊరిలోకి ఎక్కకూడదు. పడమటి దీవిలో చిట్టెలుకలున్నాయి. ఉత్తర సముద్రంలోని మా ఫారో దీవుల్లో కొన్నింట తప్ప ఈ భూమిమీద మరెక్కడా ఆ రకం కనబడదని ఓడలో వచ్చిన పండితుడొకాయన చెప్పగా విన్నాను. ఇంటిమూలల్లో నక్కే పిరికి ప్రాణులు కావవి. గోధుమవన్నె ఒళ్ళు, బలమైన వెనుక కాళ్ళు. గాలివానలోనూ కొండచరియల మీద పక్షిగూళ్ళ మధ్య యథేచ్ఛగా తిరుగుతాయి. సృష్టికర్త ఆ దీవిని వాటికిచ్చాడు, ఈ దీవిని మాకిచ్చాడు, నడుమ సముద్రాన్ని ఉంచాడు. ఆ హద్దును కాపాడటం మా పూర్వులకు భక్తిలో ఒక భాగం.

మా గాలికొట్టాలు నేలకు ఆనుకొని ఉండేవి. వాటికి గోడలుండవు, నిలువు పలకలు, పలకకూ పలకకూ మధ్య వేళ్ళు దూరేంత సందు. శరత్కాలంలో కోసిన గొర్రెల తొడలు ఆ సందుల్లోంచి వీచే సముద్రపుగాలికే ఎండి, ఉప్పు తగలకుండానే నిలవయి, మరుసటి వేసవి దాకా మా ప్రాణాలు నిలిపేవి. ఇక ప్రార్థనామందిరపు రాతిగోడ నిండా తుఫానుపిట్టలు. పిడికిట్లో ఇమిడే నల్లని పక్షులు. వేసవిలో రాళ్ళ సందున ఒక్కొక్క గుడ్డు పెట్టి, పొదుగుతూ, లోలోపలే గురగురమనేవి. గురువుగారు లేని ఆదివారాల్లో ప్రసంగాల గ్రంథం చదవడం నా వంతు. వాక్యానికీ వాక్యానికీ నడుమ నేను ఆగినప్పుడు గోడలోనుంచి ఆ సన్నని రొద వినవచ్చేది. రాయి కూడా ప్రార్థిస్తున్నదని నాకు తోచేది.

బండకు కావలి ఈవార్. మా పినతండ్రి కూతురు సున్నివాకు భర్త, నాకు బావ. ఆ పనికి ఊరంతా కలిసి మనిషిని ఎన్నుకొంటుంది. తన కంటె ముందు కావలి ఉన్నవాళ్ళను మించిన నిష్ఠ అతనిది. మూట విప్పి, కర్రతో గడ్డిని పోచపోచగా చెదరగొట్టి, ఏదైనా గెంతితే మడమతో అణిచేసి, తరువాత ఊరివైపు తిరిగి “బండ శుభ్రం!” అని కేక పెట్టేవాడు. ఆ కేక వినబడేదాకా ఆడవాళ్ళు సామానుమీద చెయ్యి వేసేవారు కారు.

ఒకసారి గురువుగారినే బండమీద కూర్చోబెట్టి జోళ్ళు విప్పించాడు.

“ఈవార్, నేను దైవసేవకుణ్ణయ్యా!” అన్నారాయన చలికి వణుకుతూ.

“మీరు దైవసేవకులే గురువుగారూ. కాదన్నదెవరు? మీ జోళ్ళ సంగతే నాకు తెలీదు.”

జక్కారిస్ అని ఒక పొరుగువాడు. వాడు భార్యకోసం పడమటి దీవినుంచి ఈకల పరుపు తెచ్చుకొన్నాడు. ఈవార్ దాన్ని బండమీదనే నిలువునా కోశాడు. ఈకలన్నీ గాలికి లేచి సముద్రంమీద మంచులా పడ్డాయి. అందులో ఎలుక లేదు.

“ఒక్క తోకైనా చూపించు మావా!” అని జక్కారిస్ గోలపెట్టాడు. “మా ఆవిడికి నేనేం సమాధానం చెప్పను?”

“కనబడే ఎలుకతో భయం లేదురా. కనబడనిదానితోనే.”

“అయితే ఆ కనబడని ఎలుకనే పక్కలో వేసుకుని పడుకోమంటాలే!”

ఊరంతా నవ్వింది. జక్కారిస్ భార్య మాత్రం ఆ చలికాలం రెల్లుమీదనే పడుకొంది.

ఈవార్‌కు లేకలేక పుట్టిన కూతురు ఎలిస్పా. వేసవిలో వచ్చే ఓలావ్ పండుగనాడు చెయ్యీ చెయ్యీ పట్టుకొని వలయం కట్టి ఆడే ఆటలో హైని అనే పడమటి దీవి కుర్రవాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకొన్నాడు. పాట ముగిసినా విడువలేదు. పెళ్ళయి పడవ ఎక్కేముందు ఈవార్ నవ్వుతూనే అన్నాడు.

“ఎలుకల దీవికి కోడలివవుతున్నావే తల్లీ. మళ్ళీ వచ్చేటప్పుడు నీ జోళ్ళలో గడ్డి కూడా దులిపిస్తాను. నా కూతురివని ఊరుకోను.”

“జోళ్ళేం ఖర్మ నాన్నా? నన్నే తలకిందులుగా పట్టుకుని దులుపు!” అని ఆ పిల్ల పకపక నవ్వింది.

ఆ నవ్వును మోసుకొని పడవ పోయింది.

పడమటి దీవి వాలుమీద తెల్లదుప్పటి పరిచారంటే అక్కడ మావాళ్ళెవరో పోయినట్టు. చలి తగ్గుముఖం పట్టి గొర్రెలు ఈనే కాలంలో ఆ దుప్పటి కనబడింది. ఆ దీవిలో మావాళ్ళంటే ఎలిస్పా ఒక్కతే. అయినా అల తగ్గితే గాని పడవ కదలదు. ఉదయం లేచి సున్నివా దింపుడు బండమీదికి వెళ్ళి, ఆ దుప్పటినే చూస్తూ నిలబడేది. ఈవార్ ఆమె వెనుక నిలబడేవాడు. 

చివరికి సముద్రం కాస్త మెత్తబడింది. పడవ వచ్చింది. కొట్టుకొచ్చిన కొయ్యతో చేసిన పెట్టెను నడిమి బల్లలకు తాళ్ళతో కట్టారు. అల తెరపి చూసి మగవాళ్ళు దానిని అందుకొని బండమీదికి లాగారు. హైని దూకి దిగాడు. అతని గడ్డానికి ఉప్పు పేరుకొని ఉంది.

“మావయ్యా, కాన్పు కష్టమైంది. బిడ్డ కూడా దక్కలేదు. ఇద్దరూ ఇందులోనే ఉన్నారు. అమ్మ దగ్గరికి చేర్చమంది. మాటిచ్చాను.”

ఈవార్ పెట్టెమీద చెయ్యి వేశాడు. 

“లోపల ఏం పరిచారు?”

హైని తల వంచుకొన్నాడు. ఆ ప్రశ్న వస్తుందని అతనికి దారిపొడుగునా తెలుసు. “ఎండుగడ్డి. కుదుపులకు ఒళ్ళు నలగకూడదని, మా అమ్మే దగ్గరుండి పరిచింది.”

“అల తగ్గేదాకా ఎక్కడ ఉంచారు?”

“పడవల కొట్టంలో. మరెక్కడుంచుతాం మావయ్యా?”

జనం మధ్యనుంచి జక్కారిస్ గొంతు లేచింది. “అడగవలసింది అడిగావు మావా. ఇంకెందుకాలస్యం? మా ఆవిడ పరుపు కోసిన కత్తి మొలలో ఉందిగా?”

“నోరు మూసుకోరా జక్కారిస్!” అని ఎవరో కసిరారు.

“నేనేమన్నాను? అందరికీ ఒకటే కట్టుబాటన్నది నేనా, ఆయనా?”

సున్నివా వచ్చి పెట్టెకూ భర్తకూ నడుమ నిలబడింది. “ఈవార్, మూత జోలికి పోకు. నీకు దణ్ణం పెడతాను. ఇంతమంది మగాళ్ళ ముందు నా పిల్లని తడిబండ మీద పడుకోబెడతావా? పురిటి ఒళ్ళది. అన్నయ్యా, నువ్వైనా చెప్పవేం?”

“బావా,” అన్నాను, “గురువుగారికి కబురు పెట్టి, ఆయన వచ్చేదాకా పెట్టెను ఇక్కడే ఉంచితే?”

“సాయంత్రానికి అల ఈ బండమీదికి ఎక్కుతుంది మిక్యాల్. సముద్రానికి చెప్పు, గురువుగారు వచ్చేదాకా ఆగమని.”

 ఎంత చదివినవాడికైనా కొన్ని సమయాల్లో అక్షరం ఒక్కటీ తోడు రాదు.

ఈవార్ భార్య మొహంలోకి చూశాడు. “నా కూతురైతే గడ్డిలో ఎలుక దూరదా సున్నివా? రేపు మన కొట్టాలన్నీ ఖాళీ అయి, పక్కింటి పిల్లలు ఆకలితో ఏడిస్తే, ‘అది నా కూతురి గడ్డి’ అని చెప్పనా?”

“చెప్పు. ఏం చెప్తావో చెప్పు. మూత తీశావా, ఇక నీకూ నాకూ మాటల్లేవు.”

ఆమె వెనుదిరిగి ప్రార్థనామందిరం వైపు నడిచింది. ఆడవాళ్ళంతా ఆమెను అనుసరించారు. ఈవార్ మగవాళ్ళవైపు తిరిగాడు.

“మీరంతా ఊరివైపు మొహం పెట్టి నిలబడండి. భుజానికి భుజం ఆనించండి. ఒక్కడు కూడా వెనక్కి చూడకూడదు. హైనీ, నువ్వు కూడా. మిక్యాల్, నువ్వు చదువు. బిగ్గరగా చదువు.”

అంతకుముందు ఏ మూట విప్పినా ఊరు ఒళ్ళంతా కళ్ళు చేసుకొని చూసేది. ఒకడికి తప్పిపోయినది మరొకడు పట్టుకొనేవాడు. ఆనాడు మర్యాదకోసం అందరమూ వీపులు తిప్పాము. మా దీవి భద్రతనంతా ఒక తండ్రి కళ్ళమీద పెట్టాము. అది పొరపాటని మాలో ఎవరికీ తట్టలేదు. అంతకంటె ధర్మం మరొకటి లేదనే అనుకొన్నాము.

నేను చదివాను. నా వెనుక మేకులు ఊడదీస్తున్న చప్పుడు. తరువాత నీటిమీద గడ్డి తేలుతూ బండ పక్కగా పోవడం కంటికొసకు కనబడింది. ముందు గుప్పెళ్ళు, తరువాత పోచలు. తరువాత ఏదీ రాలేదు. సముద్రం తప్ప శబ్దం లేదు. చదవవలసినది అయిపోయింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకొన్నాను. మేకులు దిగ్గొట్టే చప్పుడు వినబడేసరికి నా గొంతు బొంగురుపోయింది.

“బండ శుభ్రం!”

ఆ కేక అతని గొంతులోనుంచి వచ్చినట్టు లేదు. దుఃఖం గొంతును మార్చదా అనుకొన్నాము.

మా శ్మశానంలో మట్టి లోతు లేదు. తొడలోతు తవ్వేసరికి రాయి తగులుతుంది. ఈవార్ పార ఎవరికీ ఇవ్వలేదు. తానే పూడ్చాడు, తానే తొక్కాడు, ఏటిగట్టునుంచి పలకరాళ్ళు మోసుకొచ్చి సమాధి నిండా పరిచాడు. ఇంకా చాలలేదన్నట్టు సందుల్లో చిన్నరాళ్ళు కూరాడు. కూతురిని అంత బరువుకింద పెట్టాడేమిటని ఆడవాళ్ళు గొణిగారు.  నాటినుంచి సున్నివా గిన్నె బల్లమీద పెట్టిన చప్పుడే ఆ ఇంట భోజనానికి పిలుపయింది.

ఆ వేసవి ఒక ఆదివారం నేను చదువుతూ ఆగినప్పుడు గోడలోని రొద పలుచబడినట్టు తోచింది. వయసుకు చెవులు మందగించాయనుకొన్నాను. తరువాత గోడ మొదట్లో తెల్లని గుడ్డుపెంకులు కనబడ్డాయి. పక్షిపిల్ల పగలగొట్టుకొని వచ్చిన పెంకులు కావవి. ఒకవైపున సన్నగా కొరికిన రంధ్రం. శరత్కాలంలో గొర్రెలను కోశాము. కొన్ని వారాల తరువాత జక్కారిస్ పొరుగింటి ముసలామె గాలికొట్టంలో తొడ దించబోతే అది చేతిలో బెండులా తేలిపోయింది. పైన పొర అలాగే ఉంది. లోపల మాంసం లేదు.

ఎలుక ఎవరి మూటలో వచ్చింది? ఊరంతా ఒక్కటే ప్రశ్న. చూపులన్నీ జక్కారిస్‌మీద వాలాయి. వేసవిలో వాడు పొట్టేలు కోసం పడమటి దీవికి వెళ్ళి, పొగమంచులో దారి తప్పి, ఆనాడు అల లేనందున దింపుడు బండకు గాక వెనుకవైపు చరియకింద దిగాడు. దిగినవాడు కావలివాణ్ణి పిలవలేదు.

“పొట్టేలు తప్ప నా దగ్గర గడ్డిపోచ లేదు!” అని వాడు ప్రతి గడపలోనూ మొత్తుకొన్నాడు. “పొట్టేలు కడుపులో ఎలుకను దాచుకొచ్చానా? ఆ పరుపునాటి పగ అంటారా? పగ ఉంటే ఈవార్ మావ మీద ఉంటుంది గాని, నా పిల్లలు తినే తిండిమీద ఉంటుందా?”

ఎవరూ వినలేదు. పెద్దలు కూడి మాట్లాడుకొన్నారు. ఆదివారం ప్రార్థన తరువాత వాడికి పడవలో చోటు తీసివేయాలని నిశ్చయమైంది. మా దీవిలో మనిషిని కొట్టరు, వెలివేయరు. పడవలో చోటు తీసివేస్తారు. చోటు లేనివాడికి చేప లేదు, చరియ పక్షుల్లో వాటా లేదు. వాడు తనంతట తానే ఇల్లు విడిచి పోతాడు.

ఆ ఆదివారం మందిరంలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు నిండిపోయారు. జక్కారిస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. బల్లమీద జరిగి చోటిచ్చినవారు లేరు. నేను గ్రంథం తెరిచాను.

“చదవకు మిక్యాల్. కాసేపాగు,” అని ఈవార్ లేచాడు.

అతని చేతులు బల్ల అంచును పట్టుకొన్నాయి.

“వాణ్ణి కూర్చోనివ్వండి. ఎలుకను దింపినవాణ్ణి నేను.”

మందిరమంతా అతనివైపు తిరిగింది.

“ఆనాడు గడ్డంతా తీశాను. పోచపోచా చూసి సముద్రంలో వేశాను. పిల్లని ఎత్తి పక్కన పడుకోబెట్టాను. చంటిది తల్లి మోచేతి వంపులో శాలువలో చుట్టి ఉంది. ఆ శాలువ మడతలో గూడు కట్టుకుని ఉంది. తల్లి ఎలుక. దాని కింద పిల్లలు. నన్ను చూసి అది పారిపోలేదు. పారిపోయుంటే తొక్కేసేవాణ్ణి. ఎన్నింటిని తొక్కలేదు ఈ మడమతో! అది పిల్లల మీద బోర్లా పడుకుని, నన్నే చూస్తూ ఉంది. చుట్టూ చూశాను. మీరంతా వీపులు తిప్పి ఉన్నారు. చంపలేకపోయాను. పోనీ వదిలేశానా, అదీ లేదు. ఎలా ఉన్నది అలాగే కప్పేసి మూత వేశాను. నేను చెయ్యలేనిది మట్టి చేస్తుందిలే అనుకున్నాను. మట్టి కూడా చెయ్యలేదు. బండ శుభ్రమని మీకు అబద్ధం చెప్పాను.”

గాలి పైకప్పు గడ్డిని దువ్వుతున్నది. జక్కారిస్ ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఈవార్ మొహం చూసి మూసుకొన్నాడు.

అప్పుడు ఆడవాళ్ళవైపు నుంచి సున్నివా లేచింది. పెట్టె మూత తెరిచిన నాటినుంచి ఆమె భర్తతో మాట్లాడటం ఎవరూ వినలేదు.

“పిల్లలు కళ్ళు తెరిచాయా?”

ఈవార్ ఆమెవైపు తిరిగాడు. “లేదు. ఒంటిమీద వెంట్రుక కూడా రాలేదు.”

“మన పిల్లకి కళ్ళు మూసి ఉన్నాయా?”

“మూసి ఉన్నాయి.”

“మొహం ఎలా ఉంది?”

“చలికి ఎర్రబడ్డట్టు ఉంది. చిన్నప్పుడు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చినప్పుడు ఉండేదే, అలా.”

ఆమె తల ఆడించి కూర్చొంది.  ఆమె కళ్ళ ఎదుట మూత అప్పుడే, ఆమెకోసం మరొకసారి తెరిచినట్టయింది. నేను ప్రసంగం చదివానో లేదో నాకిప్పుడు జ్ఞాపకం లేదు.

ఈవార్‌కు పడవలో చోటు తీసివేయాలన్న మాట ఎవరినోటా రాలేదు. జక్కారిస్ నోటినుంచి కూడా. కాని బండమీద కావలి ఆనాటితో ముగిసింది. ఇంకా దేనిని కాపాడాలి? మూటలు విప్పకుండానే ఊరిలోకి ఎక్కసాగాయి.

కావలి కర్ర పట్టిన చేతులతోనే ఈవార్ సుత్తి పట్టాడు. ముందు తన గాలికొట్టం, తరువాత జక్కారిస్‌ది, తరువాత అడిగినవారివీ అడగనివారివీ. పలకల మధ్య సందులన్నీ గోరు కూడా దూరకుండా మూసివేశాడు. ఎలుక ఆగింది. గాలి కూడా ఆగింది. శీతకాలం నడుమ కొట్టాలు తెరిస్తే వేలాడుతున్న తొడలు పచ్చగా బూజుపట్టి, లోపలికి అడుగు పెట్టలేనంత కంపు. ఎలుక తినగా మిగిలినది ఉండేది. అతని పనితనం వల్ల అదీ పోయింది. ఆ చలికాలం బార్లీరొట్టెను నీళ్ళలో నానబెట్టి పిల్లలకు పెట్టాము. గొర్రెలు మళ్ళీ ఈనే కాలానికి ముసలివాళ్ళు కొందరు లేరు. ఆకలి ఒక్కదాన్నే నిందించలేను. ఆకలి లేదనీ చెప్పలేను.

అల మెత్తబడ్డాక హైని వచ్చాడు. ఎవరూ పిలవలేదు. కొట్టాలన్నీ తిరిగి చూసి, మామ చేతిలోని సుత్తి తీసుకొని, కొట్టిన పలకలు ఒక్కొక్కటే ఊడదీశాడు. మా దీవిలో లేని పద్ధతి, ఎలుక సులువుగా ఎక్కకుండా కొట్టాన్ని రాతికాళ్ళమీద నిలబెట్టడం, నేర్పాడు.

“ఎంత చేసినా అవి వస్తాయి మావయ్యా,” అన్నాడు. “మా దగ్గర వాటి వాటా పోగా మిగిలిందే మాది అనుకుంటాం. ఎలిస్పాకి మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అలవాటుపడింది.”

“అలవాటుపడిందా?” అని ఈవార్ అడిగాడు, అదొక్కటే తనకు కావలసిన వార్త అయినట్టు.

“కిటికీ దగ్గర వాటికో ముక్క పెట్టేది. మీకు చెప్పొద్దంది.”

సమాధిమీద పలకరాళ్ళ పక్కన నున్నని రంధ్రం ఒకటి ఉంది. ఒక ఉదయం ఈవార్ దానికి సరిపోయే రాయి వెతికి తెచ్చి వంగాడు. సున్నివా వచ్చి అతని చేతిమీద చెయ్యి వేసింది.

“ఉండనీ,” అంది.

అతను రాయిని గడ్డిమీద పెట్టాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

తుఫానుపిట్టలు మరి రాలేదు. వేసవి ఆదివారాల్లో నేను గ్రంథం చదువుతాను. వాక్యానికీ వాక్యానికీ నడుమ ఆగుతాను. ఆ అలవాటు పోలేదు. గోడలో రొద లేదు. ఎప్పుడైనా ఒకసారి రాళ్ళ వెనుక ఎండుగడ్డి కదిలినంత చిన్న చప్పుడు వినవస్తుంది. మందిరంలో ఎవరూ తల ఎత్తరు. ఎడమవైపు బల్లలో సున్నివా ఒక్కతే చదువు వినడం మాని, గోడవైపు చెవి ఒగ్గుతుంది.